మెర్రీఫ్లాట్స్ డైరీ: మా ఆస్పత్రి గడియారం కింద

2024 సెప్టెంబర్ 14, శనివారం

నైట్ డ్యూటీ దిగి బస్టాప్‌కి నడిచేటప్పుడు రోజూ ఆ గడియారం టవర్ పక్కనుంచే వెళ్తాను. పాత రాతి కట్టడం. దాని వెనకాల 2015లో తెరిచిన 14 అంతస్తుల కొత్త ఆస్పత్రి. గ్లాస్గోకి వచ్చిన కొత్తలో ఈ పాత భవనం ఏదో ఆఫీసు అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

మా పై ఫ్లోర్‌లో ఒక పెద్దావిడ ఉంటారు. ఎనభై దాటాయి. పుట్టింది, పెరిగింది గ్లాస్గోలోని ఈ గోవన్‌లోనే. మొన్న ఆవిడ మందుల డబ్బా సర్దిపెడుతుంటే మాటల్లో చెప్పారు: "మా నాయనమ్మకి జబ్బు చేసినప్పుడు ఒక్కటే మాట. నన్ను ఎక్కడికైనా పంపండి, మెర్రీఫ్లాట్స్‌కి మాత్రం వద్దు అనేది." మెర్రీఫ్లాట్స్ ఎక్కడండీ అని అడిగాను. "అదేంటమ్మా, నువ్వు పనిచేసేది అక్కడేగా!" అన్నారు.

నేను పనిచేసే ఆవరణ ఒకప్పుడు గోవన్ పూర్‌హౌస్, అంటే గతిలేని బీదవాళ్ళని ఉంచే చోటు. మెర్రీఫ్లాట్స్ అంటే అదే. జేమ్స్ థామ్సన్ అనే ఆర్కిటెక్ట్ గీసిన ప్లాను, 1872లో తెరిచారు. ఆ గడియారం దానిదే.

క్రిస్మస్ లోపల దీని చరిత్ర నాలుగు పెద్ద షీట్ల మీద రాసి, మా వీధి చివర కమ్యూనిటీ హాల్లో పెట్టాలని అనుకున్నాను. మంగళవారం టీ తాగడానికి వచ్చే పెద్దవాళ్ళు చదువుతారు. వాళ్ళకి తెలిసింది చెప్తారు కూడా.

సెప్టెంబర్ 22, ఆదివారం

ముందుగా మాట సంగతి తేల్చుకోవాలి. షీట్లు ఇంగ్లీషులోనే ఉంటాయి, కానీ నోట్సు నేను తెలుగులో రాసుకుంటున్నాను. పూర్‌హౌస్‌ని తెలుగులో ఏమనాలి? సత్రం అని రాసి కొట్టేశాను. మా గోదావరి జిల్లావాళ్ళకి సత్రం, అన్నదానం అంటే లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారే గుర్తొస్తారు. ఈ పూర్‌హౌస్ నడిచిన రోజుల్లోనే ఆవిడ అక్కడ వేళగాని వేళ వచ్చినవాళ్ళకి కూడా వండి పెట్టారు. నీది ఏ ఊరు, ఎన్నాళ్ళున్నావు, నీ మొగుడు ఎంత సంపాదించేవాడు అని అడిగి విస్తరి వేయలేదు. ఇక్కడ అన్నీ అడిగేవాళ్ళు. అనాథాశ్రమం అన్నా కుదరదు, కొడుకులూ కూతుళ్ళూ ఉన్నవాళ్ళు కూడా లోపల ఉండేవాళ్ళు. అందుకని పూర్‌హౌస్ అనే ఉంచేస్తున్నాను.

సాయంత్రం అంతా మ్యాపులు. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ వాళ్ళు పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ సర్వే) మ్యాపులన్నీ ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు. పాత మ్యాపుని ఇప్పటి శాటిలైట్ ఫొటో మీద పరిచి, కింద ఉన్న మీటని జరిపితే పాతది మసకబారి కొత్తది తేలుతుంది. 1850ల మ్యాపులో అక్కడ ఉన్నవి పొలాలు. శతాబ్దం చివరికొచ్చేసరికి పూర్‌హౌస్ బ్లాకులు. మీట జరుపుతూ పోతే కార్ పార్కు, హెలిప్యాడ్. ఒక గంట ఆ మీటతోనే గడిచిపోయింది.

మెర్రీఫ్లాట్స్‌కి ముందు గోవన్ పూర్‌హౌస్ ఎగ్లింటన్ స్ట్రీట్‌లో ఉండేది, గుర్రపు దళం ఖాళీ చేసిన పాత బ్యారక్స్‌లో. ఇది తెలియకపోతే 1872 కంటే ముందు కాగితాలన్నీ తప్పు చోట వెతుకుతాం.

అక్టోబర్ 2, బుధవారం

మిచెల్ లైబ్రరీ. అపాయింట్‌మెంట్ తీసుకునే వెళ్ళాను. గ్లాస్గో నగరం ఆర్కైవ్స్ ఇందులోనే ఉన్నాయి. పెన్ను పక్కన పెట్టి పెన్సిల్ తీసుకోవాలి. పుస్తకం కింద స్పాంజి దిండు, పేజీలు లేవకుండా గుడ్డలో కుట్టిన సన్నటి బరువుల తాడు.

ఇక్కడ ఉన్నది మామూలు ఖజానా కాదు. 1851 నుంచి 1948 దాకా గ్లాస్గో చుట్టుపక్కల పారిష్‌లలో (చర్చి హద్దుల మీద ఏర్పడిన పాలనా ప్రాంతాలు) సాయం కోసం వచ్చినవాళ్ళ దరఖాస్తులు పది లక్షలకు పైనే ఉన్నాయి.

దేనికోసం రాశారో అర్థం కావాలంటే చట్టం చూడాలి. స్కాట్లాండ్ పూర్ లా, అంటే బీదలకి సాయం చేసే చట్టం, 1845లో వచ్చింది. ప్రతి పారిష్‌కి సాయం సంగతి చూసే ఒక పరోకియల్ బోర్డు, దాని కింద ఇన్‌స్పెక్టర్ ఆఫ్ పూర్. బీదవాడు వచ్చి అడిగితే 24 గంటల్లో జవాబు చెప్పాలి. అందుకే దరఖాస్తులో తారీకుతో పాటు గంట కూడా రాసేవాళ్ళు. ఇంగ్లండ్ వర్క్‌హౌస్‌కీ దీనికీ పెద్ద తేడా ఒకటి ఉంది: స్కాట్లాండ్‌లో ఒళ్ళు బాగుండి పని దొరకని మనిషికి సాయం అడిగే హక్కే లేదు. ముసలితనమో, జబ్బో, అవిటితనమో, దిక్కులేని బిడ్డతనమో ఉండాలి. సాయం దొరికినవాళ్ళలో ఎక్కువమందికి ఇంటికే వారానికి కొన్ని షిల్లింగులు ఇచ్చేవాళ్ళు. ఇంట్లో చూసుకునేవాళ్ళు లేకపోయినా, మనిషి నడవడి మీద ఇన్‌స్పెక్టర్‌కి అనుమానం ఉన్నా పూర్‌హౌస్ చూపించేవాళ్ళు.

ఇది చదవగానే నాకు ఒక విషయం పట్టుకుంది. పూర్‌హౌస్ తర్వాత ఆస్పత్రిగా మారింది అని అందరూ రాస్తారు. కానీ లోపలికి వచ్చిందే జబ్బుమనుషులు, ముసలివాళ్ళు అయితే, మారింది ఏమిటి? మెర్రీఫ్లాట్స్ తెరిచిన రోజే అందులో 240 మందికి ఆస్పత్రి ఉంది, 180 మందికి మానసిక రోగుల ఆశ్రమం ఉంది. మొదటి రోజు నుంచీ అది ఆస్పత్రే. బోర్డు మీద ఆ మాట రాయలేదు, అంతే. నా షీట్లు ఈ మాట చుట్టూనే నడవాలి.

అక్టోబర్ 17, గురువారం

ఒక మనిషిని పట్టుకుని నడిస్తే తప్ప చదివేవాళ్ళకి ఇది అందదు. ఇండెక్స్‌లో గోవన్, విధవ, బట్టలుతికే పని అని వెతుక్కుంటూ పోయి ఒకామెని ఎంచుకున్నాను. పేరు రాయను. ఆమె వారసులు ఇక్కడే ఎక్కడో ఉండి ఉంటారు, వాళ్ళని అడక్కుండా రాయడం నాకు ఇష్టం లేదు.

మొదటి దరఖాస్తు 1884 జనవరి, ఉదయం పదిన్నర. వయసు 42. పుట్టింది ఐర్లండ్, డొనెగల్. మతం రోమన్ క్యాథలిక్. భర్త షిప్‌యార్డ్ కూలీ, పరంజా మీంచి పడి పోయాడు. పిల్లలు ముగ్గురు: పందొమ్మిదేళ్ళ కూతురు, మిల్లులో పని, పన్నెండేళ్ళ కొడుకు, మూడేళ్ళ పసివాడు. ఆమెకి బ్రాంకైటిస్. డాక్టర్ "పాక్షికంగా అశక్తురాలు" అని రాశాడు.

ఆ తర్వాత అర పేజీ నిండా అడ్రసులు. ఏ వీధిలో, ఎన్నో నంబరు, ఎన్ని నెలలు. అద్దె ఎంత. ముందు ఎవరి దగ్గర. ఇంత వివరం ఎందుకంటే, ఒక పారిష్‌లో ఐదేళ్ళు ఆగకుండా కాపురం ఉంటేనే ఆ పారిష్ ఖర్చు భరించాలి. ఒక్క నెల తేడా వచ్చినా బిల్లు పక్క పారిష్‌కి పోతుంది. ఐర్లండ్‌లో పుట్టినవాళ్ళయితే ఓడ ఎక్కించి వెనక్కి పంపేసే వీలు కూడా ఉంది. అందుకని గుమాస్తా ఒక్కో నెలా లెక్కపెట్టాడు. ఖర్చు తప్పించుకోవడానికి అడిగిన ప్రశ్నలు అవి. కానీ చదవడం రాయడం రాని ఒక చాకలి పని చేసే ఆమె బతుకు ఇంత వివరంగా ఇంకెక్కడా లేదు. మా అమ్మమ్మ గురించి నా దగ్గర ఇందులో పావు వంతు కాగితం కూడా లేదు.

అదే పేజీ మార్జిన్‌లో ఇంకో చేతిరాత, ఇంకో సిరా. ఇన్‌స్పెక్టర్ ఇల్లు చూసొచ్చి రాసింది: ఒకే గది, శుభ్రంగా ఉంది, మంచం లేదు. దానికి వారానికి కొన్ని షిల్లింగులు మంజూరు.

1889లో మళ్ళీ దరఖాస్తు. ఈసారి "పూర్తిగా అశక్తురాలు". చివరి గడిలో ఒక్క మాట: పూర్‌హౌస్.

ఇంటికి రాగానే అమ్మ వాట్సాప్ కాల్. "సెలవు రోజు కూడా ఆస్పత్రి చుట్టూనే తిరుగుతున్నావా అమ్మలూ?" అంది. ఈమె సంగతి చెప్పాను. అమ్మ కాసేపు ఊరుకుని, "ఆ పసివాడు ఏమయ్యాడు?" అంది. నేను ఆ ప్రశ్నే రాసుకోలేదు. ఇప్పుడు రాసుకున్నాను.

అక్టోబర్ 27, ఆదివారం

తప్పు ఒకటి దొరికింది, నాదే. రెండు వారాలుగా పార్టిక్ అడ్రసులు ఉన్న కాగితాలన్నీ పక్కన పెడుతున్నాను. పార్టిక్ క్లైడ్ నదికి ఉత్తరాన, గోవన్ దక్షిణాన. మనకి సంబంధం లేదులే అనుకున్నాను. కానీ పారిష్ వేరు, ఊరు వేరు. గోవన్ పారిష్ నదికి రెండు వైపులా ఉండేది. పార్టిక్, హిల్‌హెడ్ కూడా అందులోవే. గోవన్ బర్గ్, అంటే పట్టణం, 1864లో ఏర్పడి, 1912లో గ్లాస్గోలో కలిసింది. అది పారిష్‌లో ఒక ముక్క మాత్రమే. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్ళు ఎవరైనా ముందు పారిష్ హద్దు గీసుకోండి. నేను పెన్సిల్‌తో ప్రింట్ మీద గీసుకుని, వంటింటి తలుపుకి అంటించాను. పక్కన పెట్టిన 31 పేర్లూ మళ్ళీ చూడాలి.

నవంబర్ 10, ఆదివారం

పూర్‌హౌస్ లోపలి జీవితం మీద షీటు రాస్తున్నాను. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు, పిల్లలు వేరే. భార్యాభర్తలు వచ్చినా విడిపోవాల్సిందే. సొంత బట్టలు మూట కట్టి పేరు రాసి పెట్టేసి, పూర్‌హౌస్ బట్టలు వేసేవాళ్ళు. పొద్దున, రాత్రి ఓట్స్ జావ, మజ్జిగ. మధ్యాహ్నం బ్రాత్, బ్రెడ్డు. కాస్త ఓపిక ఉన్న ఆడవాళ్ళకి లాండ్రీ పని. మొదట్లో జబ్బుపడ్డవాళ్ళని చూసుకున్నది కూడా లోపలి ఆడవాళ్ళే. ట్రైనింగ్ పొందిన నర్సులు రావడానికి ఏళ్ళు పట్టింది.

ఇక్కడ కాసేపు ఆగిపోయాను. రాత్రి మూడు గంటలకి వార్డులో పేషెంట్‌ని పక్కకి తిప్పడానికి ఇద్దరం కావాలి. లేకపోతే నడుం పట్టేస్తుంది, పేషెంట్‌కి పుండు పడుతుంది. ఆ పని తనకే దగ్గు ఆగని ఒకావిడ ఒంటరిగా చేసి ఉంటుంది. జీతం లేదు. పేరు ఏ రిజిస్టర్లోనూ నర్సు అని లేదు.

1891 జనాభా లెక్కల్లో నేను ఎంచుకున్న ఆ విధవ దొరికింది. ఏప్రిల్ 5 రాత్రి ఎవరు ఎక్కడ పడుకున్నారో రాసిన లెక్క అది. మెర్రీఫ్లాట్స్ పేజీలు వరసగా వస్తాయి. హోదా గడిలో పైనుంచి కిందదాకా అందరికీ ఒకటే మాట, పాపర్, అంటే సాయం మీద బతికే బీద మనిషి. వృత్తి గడిలో ఆమెకి "లాండ్రెస్", బట్టలుతికే ఆమె. పూర్‌హౌస్‌కి రాకముందు ఏం చేసేవాళ్ళో ఆ గుమాస్తా ఓపిగ్గా రాశాడు: రివెటర్ (ఓడ రేకుల్ని మేకులతో బిగించేవాడు), నేతపని, పాల వ్యాపారి, టీచర్. ఆ గడి ఒక్కటీ నా షీటులో పెద్ద అక్షరాలతో వేస్తున్నాను.

నవంబర్ 16, శనివారం

మరణ రికార్డు. పాత రికార్డులు చూపించే స్కాట్లాండ్స్‌పీపుల్ సైట్‌లో ఒక్కో బొమ్మకి 6 క్రెడిట్లు, అంటే పౌండున్నర. స్కాట్లాండ్‌లో జనన మరణాల నమోదు 1855లో తప్పనిసరి అయింది. అప్పటి నుంచీ మరణ రికార్డులో తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉంటాయి, తల్లి పుట్టింటి ఇంటిపేరుతో సహా. ఇంగ్లండ్ రికార్డుల్లో ఇది ఉండదు. అయితే ఇరవయ్యో శతాబ్దంలోకి వచ్చాక పూర్‌హౌస్ పేరు రాయకుండా రోడ్డు, నంబరు మాత్రమే రాయడం కనిపిస్తుంది. అవమానం అనిపించకుండా ఉండాలని. అందుకని నంబరు కూడా మ్యాపు మీద చూసుకోవాలి.

ఆమె 1896 ఫిబ్రవరిలో పోయింది. చోటు మెర్రీఫ్లాట్స్. కారణం బ్రాంకైటిస్, ఎన్నో ఏళ్ళుగా అని. పూర్‌హౌస్‌లో పోయినవాళ్ళకి ఎక్కువగా అక్కడి ఉద్యోగే వెళ్ళి చెప్పేవాడు, అతని సంతకమే ఉంటుంది. ఈమెకి మాత్రం కూతురు. సంతకం రాదు. రిజిస్ట్రార్ ఆమె పేరు రాసి, మధ్యలో చోటు వదిలాడు. ఆ చోటులో ఒక ఇంటూ గుర్తు. ఒక గీత దిట్టంగా, రెండోది చివర్లో జారిపోయి కింది గడిలోకి దిగింది. స్క్రీన్ మీద ఎంత పెద్దది చేయగలనో అంత చేసి చూశాను. కూతురి అడ్రసు పార్టిక్. నేను పక్కన పెట్టేసిన 31 పేర్లలోది.

నవంబర్ 23, శనివారం

తర్వాతి కథ త్వరగా రాసేశాను. తారీకులే కాబట్టి. 1895లో క్రుక్‌స్టన్ దగ్గర హాక్‌హెడ్‌లో గోవన్ డిస్ట్రిక్ట్ అసైలం తెరిచారు, ఇప్పటి లెవర్న్‌డేల్ ఆస్పత్రి అదే. 1902-1905 మధ్య మెర్రీఫ్లాట్స్‌లో 700 పడకల కొత్త ఆస్పత్రి కట్టారు. 1923లో సదరన్ జనరల్ హాస్పిటల్ అని పేరు పెట్టారు. 1930లో పారిష్ కౌన్సిళ్ళు పోయి గ్లాస్గో కార్పొరేషన్ చేతికి వచ్చింది. 1948 జూలై 5న ఎన్‌హెచ్‌ఎస్, అంటే ప్రభుత్వ వైద్య సేవ, చేతికి. పై ఫ్లోర్ పెద్దావిడ వాళ్ళ నాయనమ్మ భయపడింది పేరు మారాకే. బోర్డు మార్చినంత తేలిగ్గా జనం నోట్లో మాట మారదు.

కానీ ఒక్క చోట మాత్రం ఎక్కువ రాశాను. కాకినాడ జనరల్ హాస్పిటల్‌లో నేను చేసేటప్పుడు యాక్సిడెంట్ కేసు రాగానే కేస్‌షీట్ మీద ముందు రాసేది జీసీఎస్, అంటే మనిషి స్పృహ ఎంతుందో చెప్పే కొలత. కళ్ళు తెరుస్తున్నాడా, 4. మాట్లాడుతున్నాడా, 5. చెప్పినట్టు చెయ్యి కదుపుతున్నాడా, 6. మొత్తం 15. ఏమీ లేకపోతే 3. నర్సింగ్ మొదటి ఏడాదిలోనే బట్టీ పట్టాం. జీ అంటే గ్లాస్గో అని తెలుసు. గ్లాస్గో అంటే ఎక్కడో, ఎవరో తెలియదు. గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు 1974లో లాన్సెట్ పత్రికలో రాశారు. వాళ్ళు పనిచేసిన న్యూరలాజికల్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్ ఈ ఆవరణలోదే, గడియారం టవర్ నుంచి నడిచిపోయే దూరం. తలకి దెబ్బ తగిలిన మనిషి స్పృహ ఎంతుందో ఇద్దరు నర్సులు ఒకేలా చెప్పగలగాలి, అది వాళ్ళ ఆలోచన. అంతకుముందు "మగతగా ఉన్నాడు" అని ఒకరు, "స్పృహ తక్కువ" అని ఇంకొకరు రాసేవాళ్ళు. ఏది ఎంతో ఎవరికీ తెలిసేది కాదు.

కాకినాడలో కొలిచిన ఆ పదిహేను ఈ పూర్‌హౌస్ నేల మీద పుట్టిందని మా బ్యాచ్ గ్రూప్‌లో పెట్టాను. ఖమ్మంలో ఉన్న ఫ్రెండ్ డ్యూటీలోంచే జవాబు పెట్టింది: "ఇప్పుడే ఒక ఈ3 వీ4 ఎం6 రాసి వచ్చానే." కళ్ళు 3, మాట 4, కదలిక 6 అని.

డిసెంబర్ 3, మంగళవారం

షీట్లు పెట్టాను. నాలుగు అనుకున్నవి ఐదయ్యాయి. టీ దగ్గర పదిమంది దాకా ఉన్నారు. వృత్తుల గడి ఉన్న షీటు ముందు ఎక్కువసేపు నిలబడ్డారు. ఒకాయన వేలు పెట్టి ఒక్కో పేరూ పైకి చదివారు. ఆయన షిప్‌యార్డ్‌లో రివెటింగ్ అయిపోయి వెల్డింగ్ వచ్చిన రోజుల్లో పనిచేశారట. పై ఫ్లోర్ పెద్దావిడ అన్నీ చదివాక, "మా నాయనమ్మ ఎందుకు భయపడిందో నాకు తెలుసమ్మా. వెళ్తే తిరిగి రామని కాదు. వెళ్ళారని వీధిలో తెలుస్తుందని" అన్నారు. ఆ మాట షీటు మీద కలపచ్చా అని అడిగాను. పేరు లేకుండా అయితే సరే అన్నారు. అక్కడే చేత్తో రాసి అంటించాను.

డిసెంబర్ 8, ఆదివారం

గోవన్ సబ్‌వే స్టేషన్ బయట మేరీ బార్బర్ విగ్రహం ఉంది. 1915లో అద్దెలు పెంచిన ఇంటి యజమానుల మీద ఇక్కడి ఆడవాళ్ళని కూడగట్టిన మనిషి. అక్కడి నుంచి నది ఒడ్డుకి నడిచి, ఈ సెప్టెంబర్‌లోనే తెరిచిన కొత్త వంతెన ఎక్కాను. గోవన్ నుంచి పార్టిక్‌కి కాలినడకన కొద్ది నిమిషాలే. కూతురు తల్లి చావు చెప్పడానికి వచ్చింది ఫిబ్రవరిలో, అదీ పడవ మీద. వంతెన మధ్యలో గాలికి నిలబడలేకపోయాను.

ఆమె అడ్రసులో ఉన్న వీధి పేరు ఇప్పటికీ ఉంది. ఆ నంబరు ఇల్లు లేదు, కొత్త ఫ్లాట్లు వచ్చాయి. ఫొటో తీసుకున్నాను.

అమ్మ అడిగిన ప్రశ్నకి సగం జవాబు దొరికింది. 1889 దరఖాస్తు వెనక వైపు, నేను మొదటిసారి తిప్పి చూడని పేజీలో, చిన్నవాడి పేరు పక్కన "బోర్డెడ్ అవుట్" అని ఉంది. గ్లాస్గో పారిష్‌లు ఇలా పిల్లల్ని హైలాండ్స్‌కీ, పశ్చిమ ద్వీపాలకీ పంపి, రైతుల ఇళ్ళల్లో పెట్టి, నెలనెలా డబ్బు కట్టేవి. ఎనిమిదేళ్ళవాడు. ఏ ఊరికి పంపారో ఆ గడిలో లేదు. పిల్లల రిజిస్టర్లు వేరే ఉంటాయని, జనవరి 15కి తీసి పెడతామని ఆర్కైవ్స్ నుంచి మెయిల్ వచ్చింది. ఆ రోజు డ్యూటీ మార్చుకోమని అడిగాను, ఒప్పుకున్నారు.